నర్సమ్మ సైకిలు చైను ఎందుకు ఊడింది

సైకిలు పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ముందుగా పంక్చరు వేయడం చూపించమంటారు. దానికి ఒక పూట చాలు. వంకరపోయిన చక్రాన్ని సరిచేయడానికి ఇంకొంత ఓపిక కావాలి. ఈ పనిలో మనిషికి నిజంగా పరీక్ష పెట్టేది మాత్రం మాటిమాటికీ ఊడిపోయే చైను. బిగించి పంపిస్తాం, మళ్లీ వస్తుంది. కొత్తది వేసి పంపిస్తాం, మళ్లీ వస్తుంది. చివరికి మనకే విసుగు పుట్టి, తప్పు సైకిలులో లేదు, తొక్కేవాళ్లలో ఉందని అనేస్తాం. ఆ మాట అనే ముందు ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా దుకాణం ఎట్లా పెరిగింది, ఎన్నిచోట్లకు మారింది వంటివి మీకు అక్కర్లేదు.

నేను ఈ పనిలోకి దిగింది చెన్నపట్నం ప్రభుత్వం రోజుల్లో. గిద్దలూరు, మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. సైకిలు ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్టేషను బాబులు, పలకల వ్యాపారులు, కొందరు కరణాలు, పెద్ద రైతులు, అంతే. సైకిలు ఇంట్లో ఒక ఆవు ఉన్నట్టు. రోజూ తుడుస్తారు, ఎవరైనా చెయ్యి వేస్తే ఊరుకోరు.

గిద్దలూరులో

మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. మంద తోలుకుని నల్లమల అంచుల దాకా పోయి వచ్చేవాళ్లం. నాకు మాత్రం గొర్రెల కన్నా గిద్దలూరు స్టేషను దగ్గర దస్తగిరి సాయిబు పెట్టిన సైకిలు దుకాణం మీదే ధ్యాస. ఒకరోజు ధైర్యం చేసి నాయనతో చెప్పాను.

"మందను ఇడిచిపెట్టి ఇనుము ఎనకాల పోతావేందిరా?" అన్నాడు నాయన. "గొర్రె ఏటేటా పిల్లను పెడుతుంది. సైకిలు ఏం పెడుతుంది?"

అయినా వెళ్లాను. కొన్నాళ్లకు ఆయనే ఒక పొట్టేలును తోలుకొచ్చి దస్తగిరి సాయిబుకు ఇచ్చి, "వీనికి పని నేర్పు మామా, చెడగొట్టొద్దు" అని చెప్పి పోయాడు.

దస్తగిరి సాయిబు మాట తక్కువ మనిషి. దుకాణం దూలానికి రెండు తాళ్లు వేలాడదీసి, వాటి కొనల కొక్కేలకు సైకిలును తగిలించేవాడు. చక్రాలు నేలకు ఆనకుండా గాలిలో ఉండేవి. దాని ముందు పీట వేసుకుని కూర్చుని, చేత్తో పెడలు మెల్లగా తిప్పుతూ చూసేవాడు. పానా ముట్టుకునేవాడు కాదు. నేను తొందరపడి పానా తీస్తే చేతి మీద ఒకటి వేసేవాడు.

"ముందు కండ్లతో పని చెయ్. చైను దానంతట అది ఊడదు. దాన్ని ఎవరో తోస్తారు. ఆ తోసేవాణ్ని పట్టుకో."

చైను సంగతిలో ఆయన చూపించిన వరస ఇప్పటికీ నాకు పనికొస్తుంది. మొదట వదులు చూడాలి. చైను మధ్యలో వేలితో నొక్కితే కొద్దిగా కిందికి దిగాలి, వేలాడకూడదు. అయితే ఒక్కచోట నొక్కి వదిలేస్తే లాభం లేదు. పెడలు దగ్గరి పెద్ద పళ్లచక్రం ఏ సైకిలులోనూ నిఖార్సుగా గుండ్రంగా ఉండదు. తిప్పుతూ పోతే చైను ఒకచోట బిగుస్తుంది, ఒకచోట వదులవుతుంది. బాగా బిగిసిన చోటును చూసి వెనక చక్రాన్ని జరపాలి. ఆ తర్వాత సైకిలు వెనక నిలబడి, ఒక కన్ను మూసి, ముందు పళ్లచక్రం, వెనక పళ్లచక్రం ఒకే గీత మీద ఉన్నాయా అని చూడాలి. పెడలు పట్టుకుని పక్కకు ఊపి, లోపల ఇరుసు కదులుతోందా చూడాలి. పళ్లు కొడవలి కొనల్లా వంగిపోయాయేమో చూడాలి. చివరగా చైనులో ఏదైనా ఒక లింకు తుప్పు పట్టి మడత పడకుండా ఉందా అని ఒక్కొక్కటే వేళ్ల మధ్య పోనివ్వాలి. ఇంత చూస్తే చాలామటుకు దొంగ దొరికిపోతాడు.

ఆయనంత నెమ్మది చేతులు మళ్లీ నేను చూడలేదు. ఆయనలో ఒక లోపం మాత్రం ఉండేది. సైకిలు తెచ్చినవాళ్లు ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేవాడు. "సైకిలు చెప్తుందిలే, నువ్వు పోయి సాయంత్రం రా" అనేవాడు. అది గొప్పతనమని నేను అనుకున్నాను. చాలా సైకిళ్లకు ఆ పద్ధతి సరిపోతుంది కూడా. సరిపోని సైకిలు ఒకటి నాకు మార్కాపురంలో తగిలింది.

శెట్టిగారి దుకాణం

మార్కాపురంలో సుబ్బశెట్టిగారు పలకలు, లాంతర్లు, లాంతరు గ్లాసులు అమ్మేవారు. వాటితోపాటు సైకిళ్ల సామాను కూడా పెట్టి, పనివాడు కావాలని గిద్దలూరు వచ్చి నన్ను తీసుకుపోయారు. మంచి మనిషి. నాకు జ్వరం వస్తే ఆయన ఇంట్లోనే పడుకోబెట్టి జావ పోయించారు. ఆయనకు సైకిలు తెలియదు, కొనేవాళ్ల మనసు తెలుసు.

"కొండయ్యా, పాతది సరిచేసి ఇస్తే మనల్ని మరిచిపోతారు. కొత్తది వేసి ఇస్తే నలుగురికి చూపిస్తారు" అనేవారు.

దాంతో ఆ దుకాణంలో మందు ఒక్కటే, మార్చడం. చైను ఊడితే చైను మార్చు. మళ్లీ ఊడితే వెనక పళ్లచక్రం, అదే ఫ్రీవీలు, మార్చు. కొత్త సామాను వేస్తే కొన్నాళ్లు ఏ జబ్బైనా తగ్గినట్టే కనపడుతుంది. అదే ఇందులో మోసం. ఆయన కావాలని మోసం చేశారని నేను అనను. కొత్త వస్తువు మీద ఆయనకు నిజంగానే నమ్మకం.

నర్సమ్మ

ఆ రోజుల్లో మా వైపు పల్లెలకు కాన్పులు చేయడానికి రత్నమ్మ అనే ఆవిడ వచ్చింది. గుంటూరు వైపు మనిషి, ముప్పై ఏళ్లలోపు వయసు, బక్కపలచగా ఉండేది. ఊరంతా నర్సమ్మ అనేవాళ్లు. కబురు వస్తే ఎద్దుల బండి కట్టించుకుని పోవాలి. బండి దొరికేసరికి, అది పల్లె చేరేసరికి ఒక్కోసారి పనే ఉండేది కాదు. ఆ బాధ చూడలేక ఆమే అడిగింది, నాకొక సైకిలు ఇప్పించండి అని.

బజారంతా నవ్వింది. వెంకటరెడ్డిగారనే పెద్ద రైతు మాత్రం మరికొందరిని కూడగట్టి, ఎవరో దొరసాని వాడి అమ్మేసిన ఆడవాళ్ల సైకిలు ఒకటి రైల్లో తెప్పించారు. నల్లరంగు కొత్తగా వేసి, మెరుస్తూ వచ్చింది. ఆమె స్టేషను రోడ్డులో నాలుగు రోజులు పడి లేచి నేర్చుకుంది. ఆ తర్వాత వెనక క్యారియరు మీద తగరపు పెట్టె కట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి ఆమె పోతుంటే దుకాణాల్లోవాళ్లు బయటికొచ్చి చూసేవాళ్లు.

కొద్దిరోజులకే సైకిలు నడిపించుకుంటూ మా దుకాణానికి వచ్చింది. మోచెయ్యి గీసుకుపోయింది, చేతులనిండా మసి.

"చైను ఊడింది కొండయ్యా. చక్రం పట్టేసి పడిపోయాను" అంది.

తాళ్లకు తగిలించి చూశాను. కొంచెం వదులుగా ఉంది. బిగించి పంపించాను. వారం తిరగకుండా మళ్లీ వచ్చింది. శెట్టిగారు ఇంగ్లండు చైను కొత్తది వేయించారు. మళ్లీ వచ్చింది. ఫ్రీవీలు మార్పించారు. మళ్లీ వచ్చింది. ఈసారి మోకాలు పగిలింది, పెట్టెలో సీసా ఒకటి పగిలింది. తాళ్లకు కట్టి తిప్పితే మాత్రం ఆ సైకిలులో వంక పెట్టడానికి లేదు. చక్రం గీత గీసినట్టు తిరుగుతుంది.

కాఫీ హోటల్లో అప్పటికే తీర్పు అయిపోయింది. చీర చైనులో పడుతోందని కొందరు, ఆడమనిషికి కాలిబలం చాలదని కొందరు. చీర పడకుండా చైనుకు నిండుగా రేకు కవరు వేశాను. అయినా ఊడింది. ఊడితే కవరు విప్పి చైను ఎక్కించడం ఇంకా ఆలస్యమని దాన్నీ తీసేశాను.

ఒకరోజు వెంకటరెడ్డిగారు దుకాణానికి వచ్చారు. శెట్టిగారు కుర్చీ వేశారు.

"నలుగురం కలిసి కొనిచ్చింది ఆమె దెబ్బలు తగిలించుకోవడానికి కాదు" అన్నారు రెడ్డిగారు. "రేపు ఏమన్నా అయితే మాట నాకొస్తుంది. సైకిలులో తప్పేమన్నా ఉందా, లేదా?"

"బంగారమట్ల ఉంది రెడ్డిగారూ" అన్నారు శెట్టిగారు. "అన్నీ కొత్తవే వేసినాం. తొక్కే మనిషికి రావాల గదా."

"అయితే సైకిలు వాపసు తీసుకుంటా. ఆమె ఎప్పటిమాదిరి బండిలో పోతుంది. ఏమంటావు కొండయ్యా?"

నేను నోరు తెరిచేలోగా నర్సమ్మే వచ్చింది. ఎవరో చెప్పినట్టున్నారు. రెడ్డిగారికి నమస్కారం పెట్టి నా వైపు తిరిగింది.

"కొండయ్యా, నేను నొప్పులు పడే మనిషి దగ్గరికి వెళ్లగానే చెయ్యి వేయను. ఎప్పటినుంచి, ఎక్కడ, ఆగి ఆగి వస్తున్నాయా అని ముందు అడుగుతాను. ఈ సైకిలును నువ్వు ఇన్నిసార్లు విప్పావు. చైను ఎక్కడ ఊడుతోందని నన్ను ఒక్కసారైనా అడిగావా?"

"చెప్పండమ్మా, ఎక్కడ ఊడుతుంది?"

"ఎత్తు ఎక్కేటప్పుడు. పల్లాన ఎప్పుడూ ఊడలేదు. ఊళ్లో తిరిగేటప్పుడు ఎప్పుడూ ఊడలేదు. పల్లెలకు పోయేటప్పుడే."

"పల్లెకు పోవాలంటే భయం. ఆ భయానికే పడుతుంది" అన్నారు శెట్టిగారు.

ఆమె ముఖం ఎర్రబడింది. నాకు ఆ మాట రుచించలేదు. పల్లాన ఊడదు, ఊళ్లో ఊడదు అనే మనిషి భయంతో మాట్లాడుతున్నట్టు లేదు. ఆమె కనపడ్డది కనపడ్డట్టు చెబుతోంది.

"రెడ్డిగారూ, నేను ఆమె ఎంట దారిలో పోయి చూస్తా. సంత రోజు దాకా ఆగండి" అన్నాను.

ఆయన సరేనన్నారు. శెట్టిగారు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

తర్లుపాడు దారి

మర్నాడు పొద్దున్నే తర్లుపాడు దారి పట్టాం. ఆమె ముందు, నేను దుకాణం సైకిలు మీద వెనక. చేలల్లో జొన్నకొయ్యలు, దారంతా గులకరాళ్లు. ఒక వాగు దాటి గట్టెక్కుతుంటే నా కళ్లముందే చైను ఊడింది. ఆమె ఈసారి పడకుండా కాలు ఆనించి నిలబడింది.

చైను ఎక్కించాను. నేనే తొక్కి చూద్దామనుకుని, పెట్టెలో సీసాలు కదులుతాయని దాన్ని విప్పి గట్టున పెట్టాను. కిందికి దిగి మళ్లీ గట్టెక్కాను. ఊడలేదు. ఇంకోసారి గట్టిగా తొక్కుతూ ఎక్కాను. ఊడలేదు.

"నాకు ఊడలేదమ్మా" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే నోరు చేదుగా ఉంది.

ఆమె పెట్టె తెచ్చి క్యారియరు మీద పెట్టి తాడు బిగించుకోసాగింది.

అప్పుడే ఎదురుగా ఒక మనిషి పరుగెత్తుకొస్తూ కనపడ్డాడు. తలగుడ్డ చేతిలో ఉంది, ఒళ్లంతా చెమట. పేరు ఓబులేసు, తర్లుపాడు అవతల పల్లెలో గొర్రెలు, కొంచెం మెట్టచేను ఉన్నవాడు.

"అమ్మా, నీకోసరమే వస్తుండా. నా పెండ్లానికి నిన్నటి నుంచి నొప్పులు. మంత్రసాని నా వల్ల కాదనె. తొందరగా రా తల్లీ."

ఆమె వెంటనే ఎక్కింది. ఆ పక్క ఎత్తు సగం ఎక్కామో లేదో, చైను మళ్లీ ఊడింది. ఓబులేసు నెత్తిన చేతులు పెట్టుకుని దారిలోనే కూలబడ్డాడు.

"నడిచి పోదాం పా తల్లీ, ఈ ఇనుము వద్దు" అన్నాడు.

"నడిస్తే ఎప్పటికి చేరతాం?" అంది ఆమె. నా వైపు తిరిగి, "పెట్టె నీ సైకిలు మీద కట్టు. వట్టిది తొక్కుకుంటూ పోతాను" అంది.

పెట్టె నా క్యారియరు మీదికి మార్చాను. ఓబులేసును నా సైకిలు ముందు కమ్మీ మీద ఎక్కించుకున్నాను. ఆమె చైను ఎక్కించగానే బయలుదేరింది. ముందున్న ఎత్తు ఎక్కింది. దాని తర్వాతది ఎక్కింది. చైను ఊడలేదు. రాళ్ల మీదుగా, ఇసుకలోంచి తొక్కుకుంటూ పోయింది. ఊడలేదు. నేను ఇద్దరి బరువుతో, పెట్టెతో రొప్పుతూ వెనకబడిపోయాను. తర్లుపాడు దాటిన మెరక మీద ఆమె ఆగి నా కోసం చూస్తోంది. నేను దగ్గరికి రాగానే తన చైను వైపు చూసింది, నా క్యారియరు మీది పెట్టె వైపు చూసింది. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. మాట్లాడుకునే సమయం లేదు.

ఓబులేసు ఇంటి ముందు

ఆమె కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. బయట మేకల దొడ్డి పక్కన ఓబులేసు తల్లి కూర్చుని గొణుక్కుంటూ దండాలు పెడుతోంది. ఓబులేసు తలుపు దాకా పోవడం, వెనక్కి రావడం. లోపలి నుంచి అరుపు వినపడితే గోడకు తల ఆనించి నిలబడేవాడు.

"ఏమైతుంది అన్నా?" అని నన్ను అడిగాడు. "పోయిన తూరి పిల్ల దక్కలేదు. ఈసారి ఈమె కూడా పోతే నేనేం జేయాల?"

అతన్ని అట్లా వదిలేయడానికి మనసు రాలేదు. నర్సమ్మ సైకిలును దొడ్డి గుంజకు ఆనించాను.

"ఓబులేసూ, ఇట్ల వచ్చి దీని ఎనక క్యారియరు మీద కూర్చో."

"ఇప్పుడా అన్నా? నా పెండ్లాం లోపల..."

"లోపల మనం చేసేదేమీ లేదు. ఈ సైకిలు బాగుంటేనే ఆమె ఇంకో ఇంటికి పోతుంది. కూర్చో."

కూర్చున్నాడు. నేను వెనకకు పోయి ఒక కన్ను మూసి చూశాను. చక్రం వెంట్రుకవాసి పక్కకు ఒరిగింది. లేవమన్నాను. చక్రం నిటారుగా నిలబడింది. కూర్చోమన్నాను, ఒరిగింది. ఇరుసు నట్లు చూస్తే గట్టిగానే ఉన్నాయి. అంటే కదులుతున్నది చక్రం కాదు, చక్రాన్ని పట్టుకున్నదే కదులుతోంది.

గుడ్డ తడిపి, చైను పక్క ఫ్రేము గొట్టాన్ని ఇరుసు దగ్గర నుంచి పెడలు దాకా తుడుచుకుంటూ వచ్చాను. పెడలు దగ్గరి అతుకుకు కొంచెం ఇవతల, పళ్లచక్రం చాటున, మురికి పోయాక రంగులో సన్నని గీత కనపడింది. ఓబులేసును లేవమన్నాను. గీత మాయమైంది. కూర్చోమన్నాను. గీత నోరు తెరిచింది. గోరు కొన పట్టేంత సందు. లోపల ఎర్రటి తుప్పు. ఈమధ్య పగిలింది కాదు, ఎప్పటిదో. పగులు మీద రంగు పూసి అమ్మేశారు.

దస్తగిరి సాయిబు తాళ్ల మీద వంద రోజులు తిప్పినా ఇది కనపడేది కాదు. గాలిలో వేలాడే సైకిలుకు బరువెక్కడిది? వెనక పెట్టె ఉండి, ఎత్తున కాలు బలంగా పడితే పగులు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, చక్రం మెలి తిరుగుతుంది, చైను పక్కకు జారిపోతుంది. ఊళ్లో పెట్టె ఉండదు. పల్లాన కాలి బలం పడదు. ఆమె చెప్పిన ప్రతి ముక్కా నిజం.

నేను ఆ గీతనే చూస్తున్నాను. ఓబులేసు క్యారియరు మీద నా భుజం పట్టుకుని కూర్చున్నాడు. లోపల ఒక పెద్ద అరుపు, తర్వాత ఏ చప్పుడూ లేదు. అతని వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి. దొడ్డిలో మేకలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అంతలో సన్నగా, గొంతు సరిచేసుకున్నట్టు, పసిబిడ్డ ఏడ్చింది.

ఓబులేసు ఒక్క దూకు దూకి పరుగెత్తాడు. నా కళ్లముందే గీత మూసుకుపోయింది.

కొంచెం సేపటికి నర్సమ్మ బయటికి వచ్చి గడప మీద కూర్చుంది. "ఆడపిల్ల. ఇద్దరికీ భయం లేదు" అంది.

"అమ్మా, ఓపికుంటే ఇట్ల రండి" అని పిలిచాను. ఓబులేసు తల్లిని బతిమాలి సైకిలు వెనక కూర్చోబెట్టాను. నర్సమ్మ వంగి చూసింది. వేలు పెట్టి ఆ పగులును తడిమింది. తర్వాత అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

"అందరూ అంటుంటే, నాకే చేతకాదేమో అని నేను కూడా అనుకున్నాను కొండయ్యా. రాత్రి నిజంగానే సైకిలు ఇచ్చేద్దామనుకున్నాను" అంది.

సంత రోజు

శెట్టిగారికి ముందే చెప్పాను. ఆయన తలుపు దగ్గరగా వేసి నెమ్మదిగా మాట్లాడారు.

"పగులు సంగతి ఎందుకు కొండయ్యా? ఫ్రేము అరిగింది, కొత్తది తెప్పిద్దామందాం. పగులుందంటే, ఇన్నాళ్లూ మీరు చేసిందేంది అంటారు."

ఆయన భయం నాకు అర్థమైంది. ఆయన అన్నం తిన్నవాణ్ని. కానీ అరిగిందంటే ఆమె తొక్కి అరగదీసిందని అర్థం వస్తుంది. చెప్పక తప్పదన్నాను.

సంత రోజు రెడ్డిగారు వచ్చారు. సైకిలును దుకాణం స్తంభానికి ఆనించి, దయచేసి దీని వెనక కూర్చోండి, చూపిస్తానన్నాను.

"నేను కూర్చుంటే నాకెట్ల కనపడుతుంది?" అన్నారు ఆయన. "శెట్టీ, నువ్వు కూర్చో."

సంతకు వచ్చిన జనం చుట్టూ మూగారు. శెట్టిగారు పంచె సర్దుకుని క్యారియరు ఎక్కారు. మనిషి మంచి దిట్టం కాబట్టి పగులు ఇంకా బాగా తెరుచుకుంది. రెడ్డిగారు మోకాళ్ల మీద వంగి చూశారు. శెట్టిగారిని దింపి చూశారు, మళ్లీ ఎక్కించి చూశారు. జనం నవ్వారు, వాళ్లతో పాటు చివరికి శెట్టిగారూ నవ్వేశారు.

"కొన్నప్పటి నుంచీ ఉందా ఇది?" అన్నారు రెడ్డిగారు.

"తుప్పు పాతది రెడ్డిగారూ. రంగు దాని మీద పూసినారు."

సైకిలును ఎంచి తెప్పించింది ఆయనే. లేచి, మోకాళ్లకు అంటిన దుమ్ము దులుపుకుని, "బాగుచేయించు" అని వెళ్లిపోయారు. నర్సమ్మతో ఒక్క మంచి మాట అనలేదు. సైకిలు మాత్రం మళ్లీ అడగలేదు. పెద్దమనుషుల దగ్గర అంతకన్నా ఎక్కువ ఆశించి మనసు కష్టపెట్టుకోవద్దు.

పలకల గనులకు ఉలులు కాల్చి ఇచ్చే కమ్మరి ఒకాయన గొట్టం లోపల ఇనుప ముక్క దూర్చి, అతుకు పట్టడానికి వెలిగారం చల్లి, ఇత్తడి కరిగించి పోసి అతికాడు. ఆ అతుకు మళ్లీ కదల్లేదు.

శెట్టిగారు నన్ను పొమ్మనలేదు. మా మధ్య మాటలు మాత్రం తగ్గిపోయాయి. కొన్నాళ్లకు స్టేషను రోడ్డులో రేకులు వేసుకుని నా దుకాణం నేను పెట్టుకున్నాను. కలిసినప్పుడు ఇద్దరం బాగానే పలకరించుకునేవాళ్లం.

మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. సైకిలును తాళ్లకు కట్టి చూడండి, దస్తగిరి సాయిబు వరస వదలొద్దు. దానికి ముందు తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి అడగండి. ఎక్కడ ఊడింది, ఎత్తునా పల్లానా, వెనక ఏముంది, ఎవరు కూర్చున్నారు? ఒక పలకల వ్యాపారి చైను స్టేషనుకు పోయేటప్పుడు ఊడేది కాదు, వచ్చేటప్పుడే ఊడేది. అడిగితే తెలిసింది, వచ్చేటప్పుడు అడ్డదారిన బండి చక్రాలు చేసిన గాడుల వెంట వస్తాడట. ఆ కుదుపులకు చైను ఎగురుతోంది. కొంచెం బిగించి, రోడ్డున రమ్మన్నాను, అంతే. కొందరు అబద్ధాలు కూడా చెబుతారు. ఎవరినీ ఎక్కించుకోలేదంటారు, క్యారియరు వంగి ఉంటుంది. అదీ మంచిదే, అబద్ధం ఎక్కడ చెప్పారో అక్కడ చూడండి.

నర్సమ్మ ఆ సైకిలు మీద చాలా ఏళ్లు తిరిగింది. ఆమెను వేరే ఊరికి మార్చినప్పుడు, తన చోటుకు వచ్చిన కొత్త నర్సును వెంటబెట్టుకుని నా దుకాణానికి వచ్చింది. ఇరవై ఏళ్లు దాటని అమ్మాయి, పేరు సరోజిని.

"ఈమెకు తొక్కడం నేర్పు కొండయ్యా. సైకిలు ఈమెకే ఇచ్చి పోతున్నాను" అంది.

స్టేషను పక్క ఖాళీ జాగాలో మొదలుపెట్టాం. నేను సీటు పట్టుకుని కొంతదూరం పరుగెత్తి వదిలాను. సరోజిని కొంచెం పోయి, ఒరిగి, దబ్బున పడింది. మేము దగ్గరికి పోయేలోగానే లేచి చీర దులుపుకుంటూ, "తప్పు నాదేనండీ, నాకు చేతకావడం లేదు" అంది.

"అట్లా అనకమ్మాయ్" అంది నర్సమ్మ. "పడగానే తప్పు నాదని ఒప్పేసుకోకు. ముందు చైను చూడు."

సరోజిని వంగి చూసింది. నేనూ చూశాను. చైను ఉండాల్సిన చోటే ఉంది.

"చైను బాగానే ఉందండీ" అంది సరోజిని, ఏడుపు ముఖంతో.

"అయితే తప్పు నీదే" అంది నర్సమ్మ. ముగ్గురం నవ్వుకున్నాం. నేను సీటు పట్టుకున్నాను, ఆ అమ్మాయి మళ్లీ ఎక్కింది.